పంపు కొనకు అన్నయ్యా

జగ్గయ్యపేట,
ఆదివారం.

ఐజాజ్ అన్నయ్యకి,

నీ చెల్లెలు జాకియా సలాము. పొద్దున అమ్మ, నాన్న, నేను ముగ్గురం కలిసి ఇడ్లీ తిన్నాం. చట్నీలో ఉప్పు మర్చిపోయానని అమ్మ నన్ను తిట్టింది. కాబట్టి ఇక్కడ అందరం బాగానే ఉన్నామనుకో. నువ్వూ వేళకి తింటూ, ఆ ఎడారి ఎండకి తలకి గుడ్డ కట్టుకుంటూ బాగున్నావని తలుస్తా.

అబ్బాస్ బావ చేత్తో నువ్వు పంపిన ఉత్తరం, ఖర్జూరాలు, అమ్మ మోకాళ్ళకి తైలం అందాయి. బావ సెలవు అయిపోయి వచ్చే వారం తిరిగి బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. ఒక్క మాట. దీన్ని బండిలో విప్పకు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా రెండు ముక్కలు చదివి జేబులో పెట్టుకునే అలవాటు నీది. గదికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చున్నాక చదువు. మనింటి పద్ధతి నీకు తెలుసుగా, స్టీరింగ్ పట్టుకున్న మనిషికి కబురు చెప్పం. నాన్న లారీ మీద ఒరిస్సా తిరిగే రోజుల్లో తాత పోయిన సంగతి కూడా, ఆయన ఇంటికొచ్చి తాళాలు మేకుకి తగిలించాకే అమ్మ చెప్పింది. అంతవరకూ ఫోన్‌లో "మీ నాన్న పడుకున్నాడు" అంటూనే ఉంది. నీతోనూ మేం ఇన్నాళ్ళూ అదే చేశాం.

అయితే ఇప్పుడు నువ్వు అక్కడి స్క్రాప్ మార్కెట్లో మన పాత కారుకి సరిపోయే పవర్ స్టీరింగ్ పంపు దొరికిందనీ, కొని ఎవరైనా వచ్చేవాళ్ళతో పంపుతాననీ రాశావు. అది వస్తే నాన్న మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చుంటాడని నీ లెక్క. కూర్చోకూడదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ చిన్న ప్రశ్నలు. పెనుగంచిప్రోలు రోడ్డు సగం వేశారు, మిగతా సగంలో ఆటోవాళ్ళు మన ఎముకలు లెక్కపెట్టిస్తున్నారు. సిమెంటు లారీల దుమ్ము తగ్గిందా అంటావు, ఆరేసిన నీ పాత చొక్కా ఒకటి బూడిద రంగుకి తిరిగింది, చూసుకో. అబ్బాస్ బావ లావయ్యాడు, నువ్వు రాసినదానికంటే ఎక్కువే. నా హైదరాబాద్ ఉద్యోగం వాయిదా పడిందని ఫోన్‌లో చెప్పా. వాళ్ళు వాయిదా వెయ్యలేదు, నేనే రానన్నా. వీడియోలో నాన్న కుడి భుజం ఒక్కటే కనిపిస్తోందేంటని అడిగావు. దానికీ, దీనికీ ఒకటే జవాబు.

ఇక పెద్ద ప్రశ్న. "పత్తి తీతప్పుడు షెడ్డుకెళ్ళిన బండి మిరప కోతకొచ్చినా రాలేదు. ఒక్క పవర్ స్టీరింగ్‌కి ఇంత కాలమా? నబీ మామయ్య రెంచీలు అమ్ముకున్నాడా?" అని రాశావు. పాపం, ఆయన తప్పేం లేదు. మొదట్నుంచీ చెప్తా విను.

బండికి జబ్బు చేసిన మాట నిజమే. స్టీరింగ్ చివరికంటా తిప్పితే ముందు నుంచి దూడ మూలిగినట్టు శబ్దం వచ్చేది. ఆ తర్వాత పొద్దున్నే మలుపు తిప్పాలంటే బరువెక్కింది. నాన్న డబ్బా చూస్తే స్టీరింగ్ నూనె తగ్గింది. పోశాడు. రెండ్రోజులకి మళ్ళీ తగ్గింది. అమ్మ కడుక్కున్న గచ్చు మీద ఎర్రటి మరక. "ఇది బండా, పసిపిల్లా? ఎక్కడ పడితే అక్కడ తడిపేస్తోంది" అని అమ్మ గొణుక్కుంటూ సర్ఫు వేసి రుద్దింది. ఆ మర్నాడు కామేశం గారింటి పెళ్ళికి బండి కట్టే బేరం ఉంది. సరే, నందిగామ పోయి నబీకి చూపిద్దాం అన్నాడు నాన్న. ఇంట్లో కూర్చుంటే నాకు కాళ్ళు పీకుతాయని నీకు తెలుసుగా, నేనూ ఎక్కా.

హైవే ఎక్కాక చిల్లకల్లు టోలు దాటినా నాన్న మూడో గేర్లోనే పోనిస్తున్నాడు. ఇంజను అరుస్తోంది. లారీలన్నీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటేస్తున్నాయి.

"గేరు మార్చు నాన్నా."

"మార్చాలంటే ఒక చెయ్యి వదలాలిగా. వదిలితే ఎడమకి లాగుతోంది" అన్నాడు.

స్టీరింగ్ బరువుగా ఉంది కదా, నిజమే అనుకున్నా. ఎవరైనా అదే అనుకుంటారు. కనీసం మనింట్లో పుట్టినవాళ్ళెవరైనా.

నబీ మామయ్య సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బండి షెడ్డులోకి రాకముందే శబ్దం విని తల ఊపుతాడు. ముందు టైర్లలో గాలి చూశాడు. చక్రాలు రెండూ జాకీ మీద లేపి, ఇంజను ఆపి, తనే స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పాడు. ఎక్కడా పట్టెయ్యలేదు. "కింద రాడ్లు, ర్యాకు బాగానే ఉన్నాయి బావా. రోగం నూనె దార్లో ఉంది" అన్నాడు. డబ్బా మూత తీస్తే నూనె అడుగున, పైన సబ్బు నురగలా నురగ. "చూశావా, గాలి తాగుతోంది." బెల్టుని బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. గొట్టాలన్నీ గుడ్డతో తుడిచి, కింద పాత పేపరు పరిచి, ఇంజను వేసి తిప్పమన్నాడు. పంపు నుంచి ర్యాకుకి దిగే గొట్టం బిగింపు దగ్గర చెమట పట్టినట్టు నూనె ఊరింది. డబ్బా నుంచి పంపుకొచ్చే రబ్బరు గొట్టం పగిలి ఉంది. గాలి తాగేది అక్కడే.

"పంపు?" అన్నాడు నాన్న.

"రాయిలా ఉంది. నాకంటే నయం. గొట్టాలు, బెల్టు మార్చేస్తా, మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే చెయ్యి."

ఇక్కడ నువ్వు ఆగుతావని తెలుసు. పంపు రాయిలా ఉంటే మరి నా చేత ఏ పంపు వెతికిస్తున్నారే అంటావు. చెప్తా, ఇంకాస్త చదువు.

గొట్టాలు మారాయి, బెల్టు మారింది, కొత్త నూనె పోశారు. లోపలున్న గాలి పోవాలిగా. దానికి చక్రాలు జాకీ మీదే ఉంచి, ఇంజను ఆపి, ఎవరో ఒకరు స్టీరింగ్ ఈ చివరా ఆ చివరా తిప్పుతూ ఉండాలి. మామయ్య డబ్బాలో బుడగలు చూస్తూ నూనె పోస్తూ ఉంటాడు. నాన్న కూర్చున్నాడు తిప్పడానికి. చక్రాలు గాల్లో ఉన్నాయి అన్నయ్యా. నేలకి ఆనని చక్రాలు. పంపు పని చెయ్యకపోయినా తేలిగ్గా తిరుగుతాయి, అమ్మయినా తిప్పేస్తుంది. నాన్న కుడి చేత్తో ఒక పక్కకి తిప్పాడు. రెండో పక్కకి తిప్పేటప్పుడు ఎడమ చెయ్యి స్టీరింగ్ మీంచి జారి ఒళ్ళో పడింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

నేను బానెట్ పక్కనే నిలబడి చూస్తున్నా. చూసి ఏమన్నానో తెలుసా?

"మామయ్యా, బండికి కాదు, మా నాన్నకి పోయినట్టుంది పవరు. ముందు ఆయనకి పోయి నూనె!"

మామయ్య పడీ పడీ నవ్వాడు. నాన్నా నవ్వాడు.

జాకీ దించి నాన్న ఒక చుట్టు వేసి వచ్చాడు. "ఇంకా ఎడమకి బరువుగానే ఉంది బావా" అన్నాడు. మామయ్య తీసుకెళ్ళి వచ్చాడు. "వెన్నలా తిరుగుతోంది కదయ్యా." నేను తిప్పా. ఒక్క వేలితో తిరిగింది. నాన్న ఒప్పుకోలేదు. మామయ్యకి పౌరుషం వచ్చింది. మళ్ళీ గాలి తీశాడు. బెల్టు విప్పి బిగించాడు. ముందు టైర్లు అటుదిటు, ఇటుదటు మార్చాడు. చక్రాల అలైన్‌మెంట్ తేడా అని నాన్న అంటే రోడ్డవతల షాపుకి తోలుకెళ్ళి అదీ చూపించి తెచ్చాం. నాన్న ఒక కుర్చీలో కూర్చుని ఇది చూడు, అది చూడు అని చెప్తూనే ఉన్నాడు. అలా మధ్యాహ్నమంతా ముగ్గురం కలిసి బాగైపోయిన బండికి వైద్యం చేశాం. జబ్బు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి.

సాయంత్రం టీ తెప్పించాడు మామయ్య. నాన్న ఎడమ చేత్తో గ్లాసు అందుకున్నాడు. అందుకోలేదు. గ్లాసు పగిలిన తర్వాత కూడా ఆ చెయ్యి గ్లాసు పట్టుకున్నట్టే ఉంది. అప్పుడు మామయ్య మొహంలో నవ్వు పోయింది. "జాకియా, బండి తియ్యి" అన్నాడు.

పక్షవాతం అన్నయ్యా. ఎడమ పక్క. ఇప్పుడు చాలావరకు నడుస్తున్నాడు, మాట బాగానే ఉంది, కంగారు పడకు. చెయ్యే రాలేదు.

ఆ రోజు బండి నేనే తోలా. నాన్న వెనక సీట్లో మామయ్య ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాడు. నందిగామలో డాక్టరు చూసి విజయవాడ పొమ్మన్నాడు. ఆ దారంతా ఆ స్టీరింగ్ ఎంత తేలిగ్గా తిరిగిందో చెప్పలేను. ఊదితే తిరుగుతుందేమో అన్నట్టుంది. అంత బాగా చేశాడు మామయ్య.

విజయవాడ ఆస్పత్రిలో పెద్ద డాక్టరు నన్నే అడిగింది, "ఎప్పుడు మొదలైంది?" అని. "ఇప్పుడే మేడం, టీ తాగుతుంటే" అన్నా. ఆవిడ కళ్ళజోడు తీసి, "సరిగ్గా చెప్పమ్మా. గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఉంది, కానీ మొదలైన కొద్ది గంటల్లోనే ఇవ్వాలి. దాటాక ఇస్తే ప్రాణం మీదికొస్తుంది" అంది. అప్పుడు చెప్పా, పొద్దున చిల్లకల్లు టోలు దగ్గర్నుంచీ అని. ఇంజెక్షన్ వేళ దాటిపోయింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని లోపలికెళ్ళింది. తిట్టినా బావుండేది.

నీకు చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. "వాడు అక్కడ హైవే మీద ఉంటాడు" అన్నాడు. అమ్మ సరేనంది. నువ్వు ఫోన్ చేస్తే నాన్న కుడి పక్క మాత్రమే కనపడేలా కూర్చునేది అందుకే.

ఇక పంపు సంగతి. ఇంటికొచ్చాక నాన్న ఒక లెక్క తేల్చాడు. "పొద్దుట్నుంచీ ఆ బరువు స్టీరింగ్ లాగీ లాగీ నా చెయ్యి పట్టేసింది. డాక్టర్లకేం తెలుసు స్టీరింగ్ సంగతి. బండి సరిగ్గా చేయిస్తే నా చెయ్యీ దార్లో పడుద్ది" అని. చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ ఇదే చెప్పాడు. నబీకి రోగం దొరకలేదు, పంపే పోయుంటుందని ఆయనే తేల్చేశాడు. నేను కాదనలేదు. పైగా మామయ్యకి ఫోన్ చేసి, ఆస్పత్రి నుంచి నువ్వు తోలుకెళ్ళిన బండి షెడ్డులోనే ఉంచు, పాత మోడల్ కదా, పంపు దొరకట్లేదని చెప్పు అన్నా.

"విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పంపుంటుందా పిల్లా? నా పరువేం కాను!" అని అరిచాడు మామయ్య. చివరికి, "సరే, చెప్తాలే" అన్నాడు. అప్పట్నుంచీ నాన్న రోజూ ఫోన్ చెయ్యడం, ఆయన రోజూ ఏదో ఒకటి చెప్పడం. ఒకసారి హైదరాబాద్ నుంచి వస్తోందన్నాడు, ఒకసారి వేరే మోడల్‌ది పంపారన్నాడు. దొరకని పంపు కోసమే నాన్న నిన్నూ పురమాయించాడు. నువ్వేమో మంచి కొడుకువి కాబట్టి వెతికి పట్టేశావు.

నాన్న స్టీరింగ్ ముట్టుకోకూడదని ఆ అబద్ధం ఆడానని అమ్మ అనుకుంటోంది. మామయ్యా అదే అనుకుంటున్నాడు. అది సగమే.

నేను ఆ జోకు వేసినప్పుడు నాన్న నవ్వాడని రాశాగా. ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది అన్నయ్యా. నేను చూశా. ఎడమ బుగ్గ కదల్లేదు. వక్కపలుకు దాచుకున్నాడేమో అనుకున్నా. అప్పటికే ఆయన ఎడమ కాలి చెప్పు కారెక్కేటప్పుడే ఊడి నేల మీద పడి ఉంది, ఆయన చూసుకోలేదు. అదీ చూశా. మామయ్య తల ఇంజన్లో ఉంది, ఆయనకేం కనపడుతుంది? చూసింది నేనొక్కదాన్నే. కాలేజీలో ఎవరు ఎవరి వంక చూశారో, ఎవరి మొహం ఎందుకు మారిందో అన్నీ నాకే కనిపిస్తాయని నువ్వే ఏడిపిస్తావు. అన్నీ కనిపించాయి. అన్నిటికీ బండే జవాబు చెప్పింది, నేను ఒప్పుకున్నా. స్టీరింగే ఆయన చెయ్యి పాడుచేసిందని ఊరంతా నమ్మితే, నేను చూసి నవ్విన సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. ఆ అబద్ధంలో రెండో సగం అది. అమ్మకి ఇంకా చెప్పలేదు. ముందు నీకే రాస్తున్నా.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాన్నకి నేనే చదివి వినిపించా. "పంపు దొరికింది" అనగానే లేచి నిలబడ్డాడు. "పద, అది వచ్చేలోపు పాతది విప్పించి పెడదాం" అని చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. ఒక్క చేత్తో గుండీలు పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో నువ్వు చూళ్ళేదు. పెట్టనివ్వడు.

నందిగామ వెళ్ళే బస్సులోనే చెప్పేద్దామనుకున్నా. కానీ కండక్టరుకి తన కొడుకు అక్కడ్నుంచి పంపు పంపుతున్నాడని చెప్పుకుంటూ కూర్చున్నాడు. చిల్లకల్లు పోయింది, నందిగామ వచ్చింది.

షెడ్డులో బండి తుడిచి పెట్టి ఉంది. మామయ్య నా వంక చూశాడు. నేను నాన్న ముందు నిలబడి చెప్పేశా. "నాన్నా, ఏ పంపూ పోలేదు. బండి ఆ రోజే బాగైంది. నిన్ను విజయవాడ తీసుకెళ్ళింది దీన్లోనే. పంపు దొరకట్లేదని చెప్పమన్నది నేను, మామయ్య కాదు."

"నీకేం తెలుసే స్టీరింగ్ గురించి" అన్నాడు. "తాళం ఇటివ్వు."

మామయ్య ఇచ్చాడు. నాన్న ఎక్కి కూర్చుని ఇంజను వేశాడు. కుడి అరచేత్తో స్టీరింగ్ ఈ చివరా ఆ చివరా తిప్పాడు. దూడ మూలుగు లేదు. ఏ శబ్దమూ లేదు. తర్వాత కుడి చేత్తో ఎడమ చెయ్యి ఎత్తి స్టీరింగ్ మీద పెట్టాడు. కుడి చెయ్యి తీసేశాడు. మేమిద్దరం బయట నిలబడి ఉన్నాం. ఆయన స్టీరింగ్ వంకే చూస్తున్నాడు. అది కదల్లేదు. భుజం దగ్గర చొక్కా వణికింది, అంతే. కాసేపు ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"బాగా చేశావు బావా" అన్నాడు చివరికి. "పంపు రాయిలా ఉంది."

దిగాడు. బానెట్ పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిరిగొచ్చి, ఎడమ పక్క తలుపు తీసుకుని కూర్చున్నాడు.

ఇంటికి నేనే తోలా. నీకు గుర్తుందో లేదో, నేను నేర్చుకునే రోజుల్లో క్లచ్ సగం తొక్కి గేరు వేస్తే ఆయనకి పళ్ళు జివ్వుమనేవి. "అది గేర్‌బాక్సే, కాఫీ గింజల మర కాదు" అని నెత్తి మీద మొట్టేవాడు. ఆ రోజు చిల్లకల్లు టోలు దాటాక కావాలనే క్లచ్ సగం తొక్కి గేరు వేశా. బండి మొత్తం గరగరలాడింది. మళ్ళీ వేశా. నాన్న కిటికీలోంచి మిరప చేల వంక చూస్తూ కూర్చున్నాడు.

అప్పట్నుంచీ నబీ మామయ్యకి ఫోన్ చెయ్యట్లేదు. బండి ఇంటి ముందే ఉంది, దాని వంక చూడట్లేదు. పంపు వచ్చిందా అని రోజూ అడుగుతుంటే భయమేసేది. ఇప్పుడు అడిగితే బావుండుననిపిస్తోంది.

కాబట్టి ఆ పంపు కొనకు. నీ కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టాలా వద్దా అని అడిగావుగా, దానికి నేను జవాబు రాయను. నువ్వొస్తే నేను హైదరాబాద్ పోవచ్చు, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని నా మాట వినకు. అబ్బాస్ బావని అడుగు, ఆయన నాన్నని చూశాడు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు నాన్న చెయ్యెలా ఉందని అడగకు. జాకియా రోజూ బండి తీసి సందులో తిప్పుతోందట, క్లచ్ కాల్చేస్తుందేమో, నువ్వు పక్కన కూర్చుని చూడు నాన్నా అని చెప్పు. కాల్చేస్తున్న మాట నిజమే, అబద్ధం కాదు. నేను అడిగితే వినట్లేదు. నువ్వు చెప్తే వస్తాడేమో.

అమ్మ నీకు సలాము చెప్పమంది. ఊరమిరపకాయలు పెట్టింది, అబ్బాస్ బావ దార్లో విప్పి తిన్నాడేమో చూసుకో.

ఇట్లు,
నాన్న చేత మళ్ళీ మొట్టికాయ తినాలని చూస్తున్న
నీ చెల్లెలు
జాకియా